వేట నిషేధ కాలంలో ఒడ్డు నుంచి రాడ్‌తో చేపలు పట్టవచ్చా?

రుషికొండ_రాడ్

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో, రోడ్డు దిగి సరుగుడు చెట్లు దాటితే కనిపించే ఒక రాళ్ల గుంపు మీద నుంచి నేను కొన్నేళ్లుగా రాడ్, రీలుతో చేపలు పడుతున్నాను. పడిన చేపల్లో ఎక్కువ వాటిని అక్కడికక్కడే నీటిలో వదిలేస్తాను. ఎప్పుడైనా ఒక పార గానీ చిన్న పండుగప్ప గానీ ఇంటికి తెచ్చుకుంటాను తప్ప ఒక్కటి కూడా ఎన్నడూ అమ్మలేదు. మొన్న ఆదివారం తెల్లవారకముందే అక్కడికి వెళ్లేసరికి పక్క ఊరి యువకులు ఇద్దరు నన్ను ఆపి, “మా పడవలను రెండు నెలలు ఒడ్డున కట్టేయించారు, మీరు మాత్రం కారులో వచ్చి సరదాకు పట్టుకుంటారా?” అని నిలదీశారు. మాట పెరగకముందే నేను రాడ్ మడిచి వచ్చేశాను. అయితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అమలయ్యే నిషేధం పడవలకు సంబంధించినదే గానీ ఒడ్డున నిలబడి గాలం వేసేవాడికి సంబంధించినది కాదనే నా అవగాహన. చట్టం ఏమంటుందో, చట్టాన్ని పక్కన పెడితే మీరేమంటారో, ఈ రెండూ తెలుసుకోవాలని అడుగుతున్నాను.

చందువా_వేపుడు

పట్టిన చేపను వదిలేసి వచ్చే మనిషి ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం ఏం వండుతారన్నది నాకు మొదటి నుంచీ ఉన్న సందేహం. చట్టం సంగతి పెద్దలు చెబుతారు.

దస్తావేజుల_దాసు

చట్టం వరకు సమాధానం సులభమే. ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య నియంత్రణ చట్టం 1994లో వచ్చింది, ఏటా వెలువడే నిషేధ ఉత్తర్వుకు ఆధారం అదే. ఆ ఉత్తర్వు మర పడవలను, అంటే ట్రాలర్లను, ఇంజన్ బిగించిన ఫైబర్ బోట్లను ఆపుతుంది. ఇంజన్ లేని తెప్పలకూ నాటు పడవలకూ మినహాయింపు ఉంది. తూర్పు తీరంలో మొదట మే నెలాఖరుకే ముగిసిన ఈ నిషేధాన్ని 2015లో 61 రోజులకు పొడిగించారు. ఒడ్డు మీద నిలబడి రాడ్‌తో చేప పట్టేవాడి ప్రస్తావన అందులో లేదు కాబట్టి మీరు చేసినది నేరం కాదు.

దీనికి రెండు షరతులు కలపాలి. మొదటిది, స్థలం. పోర్టు ప్రాంతమూ నౌకాదళ ప్రాంతమూ విశాఖలో చాలా మేర ఆక్రమించి ఉన్నాయి కాబట్టి, హార్బరు అడ్డుగోడ మీద గానీ డాల్ఫిన్స్ నోస్ కొండ కింద గానీ రాడ్ పట్టుకుని నిలబడితే మిమ్మల్ని అడిగే ప్రశ్నలు చేపల గురించి ఉండవు. రెండవది, చేప జాతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జాతుల జాబితాలో తిమింగలం సొర, రంపపు సొర, సముద్రపు గుర్రం, గ్రూపర్ అనే చేపల్లో అతి పెద్దదైన జెయింట్ గ్రూపర్ ఉన్నాయి. ఇవి ఏ నెలలో పట్టినా నేరమే.

జాలరిపేట_అబ్బాయి

దాసు గారు చెప్పినది సరైనదే, కానీ ఆ యువకులు మిమ్మల్ని అడిగిన ప్రశ్న చట్టం గురించి కాదు. నేను పుట్టి పెరిగినది మత్స్యకార కుటుంబంలోనే, ఇప్పుడు ఓడరేవులో ఉద్యోగం చేస్తున్నాను, మా అన్నయ్యలు ఇంకా వేటకు వెళ్తున్నారు. కాబట్టి ఆ వైపు నుంచి ఈ రాళ్లు ఎలా కనిపిస్తాయో చెప్పగలను.

ఇంజన్ పడవ ఒడ్డుకెక్కిన మరుసటి రోజు నుంచి ఇల్లు గడవడానికి మిగిలే దారులు కొన్నే. తెప్ప ఉన్నవాళ్లు తెప్ప మీద వెళ్తారు. అలివి వల ఉన్న గుంపులు ఒడ్డు నుంచి వల లాగుతాయి. ఆ రెండూ లేనివాళ్లు, పడవ మీద కూలి వాటాకు వెళ్లే కుర్రవాళ్లు, చేతి గాలంతో రాళ్ల మీదకు చేరతారు. ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో కుటుంబానికి 20,000 రూపాయలకు పెరిగిన మాట నిజమే, అది చేతికి అందే రోజు వరకు మాత్రం షాపు వాడి ఖాతా ఆగదు. మిగిలిన పది నెలల్లో మీరు నిలబడే రాయి ఎవరికీ అక్కరలేదు, అందుకే ఇన్నేళ్లుగా మిమ్మల్ని ఎవరూ అడగలేదు. ఈ రెండు నెలల్లో మాత్రం ఆ రాయి ఒక ఇంటి రాబడి. పైగా ట్రాలర్ల చేప బజారుకు రాదు కాబట్టి ఒక మోస్తరు పండుగప్ప పడితే ఆ రోజు మంచి ధర పలుకుతుంది. మీ ల్యూరు, అంటే చేప ఆకారపు కృత్రిమ ఎర, చెయ్యి చాపినంత దూరంలో కాక, వాళ్ల గాలం చేరలేని లోతుకు వెళ్లి పడుతుంది. ఆ చేపను మీరు పైకి తీసి, ఫొటో దిగి, వదిలేస్తారు. పక్కన కూర్చుని కవ్వళ్ల ముక్క ఎర కట్టుకున్నవాడికి ఆ దృశ్యం ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

రుషికొండ_రాడ్

మీరు చెప్పిన కోణం నాకు కొత్తది, దానికి కృతజ్ఞుణ్ని. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. నేను వదిలేసిన చేప తిరిగి వాళ్లకే పడవచ్చు కదా? నేను ఇంటికి తీసుకుపోతే నష్టమనడం అర్థమవుతుంది, వదిలేస్తే నష్టమేమిటి?

పాత_కొక్కెం

వదిలేయడమే అసలు నష్టం. నేను మచిలీపట్నం వాణ్ని, డెబ్బై దాటిన వయసు, చేతి గాలం తప్ప మరొకటి ఎరగను. తినదలచుకోని జీవిని కొక్కేనికి తగిలించి, అది ఊపిరాడక కొట్టుకుంటుంటే గడియారం చూసుకుని ఎంతసేపు పోరాడిందో చెప్పుకోవడం నాకు వేటలా కనిపించదు. ఆకలికి పట్టినవాడికి చేప మీద హక్కు ఉంది, ఆటకు పట్టినవాడికి ఏ హక్కు ఉందో ఎవరైనా చెబితే వింటాను. నిషేధ కాలమా కాదా అన్నది ఆ తర్వాతి మాట.

ద్వీపంలో_దుర్గ

పాత కొక్కెం గారి మాటతో నేను పూర్తిగా విభేదిస్తున్నాను. మాది పోర్ట్ బ్లెయిర్, 2024 నుంచి అధికారికంగా శ్రీ విజయపురం. మా తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాం. ఇక్కడ పెద్ద పారలను, అంటే జెయింట్ ట్రెవల్లీలను, పాపర్లతో, అంటే నీటి మీద చప్పుడు చేసే కృత్రిమ ఎరలతో, పట్టించే పడవల మీద ఎంతోమంది బతుకుతున్నారు. దూరం నుంచి వచ్చే వేటగాళ్లు ఆ చేపను తీసుకుపోవడానికి రారు, పట్టి వదలడానికే వస్తారు. ఒకసారి కోసి అమ్మితే ఒక్క రోజు ధర వచ్చే చేప, వదిలితే మళ్లీ మళ్లీ అతిథులను రప్పిస్తుంది. ఆట అన్నంత మాత్రాన దాన్ని పాపమనడం సరికాదు.

అయితే వదలడం ఒక పని, దాన్ని నేర్చుకోవాలి. మా పడవల మీద కొత్తవాళ్లకు చెప్పే మొదటి మాట, తేలికపాటి గేరుతో పెద్ద చేపను పట్టడం గొప్ప కాదని. సన్న దారంతో అరగంట ఆడించిన చేప వదిలిన తర్వాత బతకడం కష్టం. బలమైన దారం, బలమైన రాడ్ వాడి త్వరగా దగ్గరకు తెచ్చి, కొక్కెం తీసి, ముఖం కిందికి ఉండేలా నీటిలోకి జారవిడవాలి. మూడు ముళ్ల కొక్కేలను తీసేసి ఒంటి ముల్లు కొక్కేలు బిగించుకోవాలి, వాటి ఎదురుముల్లును కూడా ప్లయరుతో నొక్కేయాలి.

పాత_కొక్కెం

మీ అతిథుల సంగతి మీకు తెలుసు. చేప అభిప్రాయం అడిగిన వారెవరూ ఇక్కడ కనిపించడం లేదు.

చందువా_వేపుడు

చేప అభిప్రాయం అడిగితే నా వేపుడు ఆగిపోతుంది కాబట్టి ఆ ప్రస్తావన మానుకోవలసిందిగా పెద్దాయనను ప్రార్థిస్తున్నాను.

ముత్తుకూరు_విద్యార్థిని

ఈ చర్చలో అన్ని చేపలనూ ఒకే గాటన కట్టేస్తున్నారు. వదిలితే బతుకుతుందా లేదా అన్నది చేపను బట్టి మారుతుంది, కాబట్టి చేపల వారీగా మాట్లాడుకుందాం.

కోనాం (వంజరం), సూర (ట్యూనా) ఒక జట్టు. ఇవి నోరు తెరిచి ముందుకు ఈదుతూ ఉంటేనే మొప్పల మీదుగా తగినంత నీరు ప్రవహిస్తుంది. ఆపి పట్టుకుంటే ఊపిరి ఆపినట్టే. మే నెల వేడి నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ కూడా తక్కువ. కాబట్టి కోనాన్ని ఒళ్లో పెట్టుకుని ఫొటోలు దిగి వదిలేస్తే, అది కంటికి కనిపించేంత దూరం బాగానే ఈదినా ఆ తర్వాత చచ్చిపోయే అవకాశం ఎక్కువ. దాన్ని పట్టదలచుకుంటే తినడానికే పట్టండి. లోతు నుంచి పైకి వచ్చే గ్రూపర్లది వేరే సమస్య. వాటి గాలితిత్తి పైకి వచ్చేకొద్దీ ఉబ్బి, పొట్ట నోటి గుండా బయటకు పొడుచుకు వస్తుంది, వదిలినా అవి కిందికి దిగలేక తేలుతూ పక్షుల పాలవుతాయి.

పండుగప్ప మాత్రం వీటికంటే గట్టిది. లోతు లేని చోట పట్టి, తడి చేతులతో, పొట్ట కింద ఆసరా ఇచ్చి, అడ్డంగా పట్టుకుని వదిలితే బాగా బతుకుతుంది. దవడకు గ్రిప్ బిగించి నిలువునా వేలాడదీసి తూకం వేసే అలవాటు మానాలి, ఎందుకంటే నీటిలో ఎప్పుడూ మోయని బరువు అప్పుడు దాని దవడ కీళ్ల మీద పడుతుంది. చెంప రేకు అంచు పదునుగా ఉంటుంది కాబట్టి మొప్పల్లోకి వేళ్లు పెట్టవద్దు. ఆ అంచే మీ లీడరు దారాన్ని, అంటే కొక్కేనికి ముందు కట్టే ముక్కను, కూడా కోస్తుంది.

ఇంకొక సంగతి ఉంది, నా దృష్టిలో ఈ మొత్తం చర్చలో ముఖ్యమైనది అదే. పండుగప్ప మొదట మగ చేపగా ఎదిగి, కొన్నేళ్ల తర్వాత పెద్దదయ్యాక ఆడ చేపగా మారుతుంది. అంటే మీరు ఫొటోకు గొప్పగా ఎత్తి చూపే అతి పెద్ద పండుగప్ప దాదాపు ఎప్పుడూ తల్లి చేపే. చిన్నవాటిని వదిలి పెద్దదాన్ని ఇంటికి తేవడం ఈ చేప విషయంలో తలకిందుల లెక్క.

జాలరిపేట_అబ్బాయి

విద్యార్థిని గారికి ఒక ప్రశ్న. అది గుడ్లు పెట్టే కాలం నిషేధ కాలంలోనే పడుతుందా? మా ఇంట్లో పెద్దవాళ్లు గుడ్లున్న పండుగప్పలను వానలు పడ్డాకే ఎక్కువగా చూశామంటారు.

ముత్తుకూరు_విద్యార్థిని

మీ పెద్దలు చూసినది నిజం. పండుగప్ప మంచినీటి వాగుల్లోనూ బురద కయ్యల్లోనూ పెరిగి, గుడ్లు పెట్టడానికి నదీముఖం వైపు, ఉప్పదనం ఎక్కువ ఉన్న నీటికి దిగుతుంది. ఆ ప్రయాణం వానాకాలంతో ముడిపడి ఉంటుంది. జూన్ 14 అర్ధరాత్రితో నిషేధం ముగుస్తుంది, ఆ తర్వాతే గోస్తనీ నోటి దగ్గర ఈ చేపకు అసలు కాలం మొదలవుతుంది. 61 రోజుల నిషేధం అనేక జాతులను, ముఖ్యంగా ట్రాలర్ల కింద నలిగే వాటిని దృష్టిలో పెట్టుకుని నిర్ణయించినది, ఏ ఒక్క చేప పంచాంగాన్నీ అది అనుసరించదు. రాడ్‌తో పట్టేవారికి నిజంగా చేప మీద శ్రద్ధ ఉంటే, తొలకరి తర్వాత కొన్ని నెలలు నదీముఖాలను వాళ్లంతట వాళ్లే వదిలిపెట్టాలి.

బ్రిస్బేన్_బాబాయి

విద్యార్థిని చెప్పిన విషయం మా దగ్గర చట్టంలోనే రాసి ఉంది. క్వీన్స్‌లాండ్‌లో ఇదే పండుగప్పను బారముండి అంటారు, మా తెలుగు కుటుంబాల్లో పులుసుకు దీన్ని మించినది లేదు. 58 సెంటీమీటర్ల కంటే చిన్నది తీసుకోకూడదు, 120 సెంటీమీటర్ల కంటే పెద్దదీ తీసుకోకూడదు. కింది హద్దు పిల్లల కోసం, పై హద్దు తల్లుల కోసం. తూర్పు తీరంలో నవంబరు 1 నుంచి ఫిబ్రవరి 1 వరకు ఈ చేపను పట్టడమే నిషేధం, రాడ్ వాడినా వల వాడినా, ఒడ్డున నిలబడినా పడవలో ఉన్నా. దక్షిణార్ధగోళం కాబట్టి మాకు అదే వానాకాలం. కొలబద్ద స్టిక్కరు అంటించని పడవ ఇక్కడ అరుదు.

దస్తావేజుల_దాసు

బాబాయి గారూ, అక్కడ వినోద వేటగాడిని చట్టం ఒక వర్గంగా గుర్తిస్తుంది. మన దగ్గర సముద్ర వేట చట్టాలన్నీ పడవను చూసి రాసినవే. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపల ట్రాలర్ల వంటి మర పడవలు వేటాడరాదని, ఆ నీళ్లు సంప్రదాయ వేటగాళ్లవని నియమం ఉంది. ఆ గీత గీసిన రోజుల్లో మన తీరంలో సరదాగా చేపలు పట్టేవాడి ఊసే లేదు. ఇప్పుడు వాడు వచ్చాడు, వాడికి హద్దూ లేదు, కొలతా లేదు, గుర్తింపూ లేదు. హద్దు లేనంత మాత్రాన హక్కు ఉన్నట్టు కాదన్నది మాత్రం ఒప్పుకుంటాను.

కాకినాడ_కాజా

ఎవరికి హక్కుందో తేలేలోపు ఒకరిద్దరు ఆ రాళ్ల మీద నుంచి కొట్టుకుపోకుండా చూడాలి. రుషికొండ రాడ్ గారూ, మీరు తెల్లవారకముందు ఒంటరిగా వెళ్తున్నట్టు రాశారు, అది నన్ను కలవరపెట్టింది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ గాలి లేకపోయినా, ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టిన తుఫాను అలలు రోజుల తరబడి ప్రయాణించి మన ఒడ్డుకు చేరతాయి. చాలాసేపు సముద్రం మెత్తగా ఉండి, తర్వాత వరుసగా మూడు నాలుగు పెద్ద అలలు లేస్తాయి. ఎండిన రాయి చూసి ఇక్కడికి నీరు రాదనుకుని నిలబడినవాడే వాటికి దొరుకుతాడు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఈ ఉప్పెన అలల హెచ్చరికలను ముందుగానే ఇస్తుంది. రాడ్ సర్దుకునే ముందు అది చూడడం అలవాటు చేసుకోండి. అక్కడికి వెళ్లాక కూడా గేరు విప్పకుండా కొంతసేపు ఊరికే నిలబడి, ఆ కాసేపట్లో వచ్చిన అతి పెద్ద అల ఏ రాయిని తడిపిందో గమనించి, దానికి బాగా పైన నిలబడాలి. నాచు పట్టిన రాయి మీద రబ్బరు చెప్పులు పనికిరావు. లైఫ్ జాకెట్ వేసుకుంటే నవ్వేవాళ్లను నవ్వనివ్వండి.

విషపు ముళ్ల సంగతి కూడా కలుపుతున్నాను. జెల్ల ముల్లు గానీ టేకు చేప తోక ముల్లు గానీ గుచ్చుకుంటే, చెయ్యి తట్టుకోగలిగినంత వేడి నీటిలో, అంటే సుమారు 45 డిగ్రీలు, గాయాన్ని గంట దాకా ఉంచితే నొప్పి గణనీయంగా తగ్గుతుంది, ఎందుకంటే ఆ విషంలోని ప్రొటీన్లు వేడికి చెడిపోతాయి. నొప్పితో మొద్దుబారిన చేతికి వేడి తెలియదు కాబట్టి రెండవ చేతితో నీళ్లు పరీక్షించాలి. ఫ్లాస్కులో వేడి నీళ్లు తీసుకెళ్లడం టీ కోసం మాత్రమే కాదు. ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లాలి, ముల్లు ముక్క లోపల ఉండిపోతుంది.

చందువా_వేపుడు

కాకినాడ వారు కాజాతో పాటు ఫ్లాస్కు కూడా తెస్తారని ఈ రోజే తెలిసింది. లైఫ్ జాకెట్ మాట మాత్రం నవ్వకుండా ఒప్పుకుంటున్నాను.

లాసన్స్‌బే_లహరి

ఇదే చర్చలో అడగవచ్చా? ఒడ్డు మీద అభ్యంతరం ఉంటే, నిషేధ కాలంలో ఒక ఫైబర్ బోటు మాట్లాడుకుని కొంచెం లోపలికి వెళ్లి రాడ్‌తో పట్టుకోవడం మేలు కాదా? డబ్బు ఆ బోటు కుటుంబానికే వెళ్తుంది కదా.

దస్తావేజుల_దాసు

లహరి గారూ, అది నేరుగా నిషేధ ఉల్లంఘన. ఇంజన్ బోటులో రాడ్ ఉన్నా వల ఉన్నా తేడా లేదు. మీరు ఇచ్చే డబ్బు కంటే ఎక్కువ జరిమానా ఆ కుటుంబం కట్టవలసి రావచ్చు, భృతి కూడా ఆగిపోవచ్చు.

జాలరిపేట_అబ్బాయి

దానికి తోడు, నిషేధం లేని నెలల్లో కూడా పడవ వెంట వెళ్లేవారు పడవ వాళ్ల మాట వినాలి. 2022లో పరవాడ మండలానికి చెందిన ఒక మత్స్యకారుడిని కొమ్ము కోనాం పొడవడంతో ఆయన ప్రాణం పోయింది. పుట్టిన నాటి నుంచి సముద్రం మీద ఉన్నవాడికే అలా జరిగింది. అటువంటి చేప తగిలితే దారం కోసేయమని పడవ నడిపే సరంగు అంటే కోసేయాలి, వీడియో కోసం బతిమాలకూడదు.

రుషికొండ రాడ్ గారు ఇంతకుముందు అడిగిన ప్రశ్నకు, అంటే వదిలేస్తే నష్టమేమిటన్న దానికి నేను ఇంకా సమాధానం ఇవ్వలేదు. నష్టం చేపల లెక్కలో లేదు. మీ ఒక్కరి రాడ్ వల్ల సముద్రం ఖాళీ కాదు, ట్రాలర్ ఒక్క లాగుడులో తీసే పిల్ల చేపల ముందు మీ ఏడాది వేట లెక్కలోకి రాదు. నష్టం చోటులో ఉంది, వేళలో ఉంది. ఆ రాళ్ల మీద నాలుగు చోట్లు మాత్రమే పనికొస్తాయి, చీకటి విడిచే గంట మాత్రమే పనికొస్తుంది. మీరు ముందుగా వచ్చి ఒక చోటు పట్టుకుంటే ఆ రోజుకు ఒకడు ఖాళీ చేతులతో ఇంటికి వెళ్తాడు. ఇంకొకటి, మీ బ్రెయిడ్ (అల్లిన) దారం తెగి రాళ్లలో చిక్కుకుంటే చేతి గాలం వేసేవాడి దారం దాని మీదే తెగుతుంది, అలివి వల కూడా దానికి తగిలి చినుగుతుంది. నీటి కింద అది ఎన్నేళ్లైనా కుళ్లదు.

రుషికొండ_రాడ్

ఇప్పుడు స్పష్టంగా అర్థమైంది. అయితే నేను ఏం చేస్తే సరిపోతుందో కూడా మీరే చెప్పండి. రెండు నెలలు పూర్తిగా మానేయడమా?

జాలరిపేట_అబ్బాయి

మానేయమని అడిగే అధికారం నాకు లేదు. నేనైతే తెల్లవారుజామును వాళ్లకు వదిలేసి, ఎండెక్కాక, లేదా వాళ్లు లేచి వెళ్లిపోయాక వెళ్తాను. ఎదురైతే ముందు వాళ్లనే అడుగుతాను. ఒకవేళ ఆ రెండు నెలల్లో తినదగిన చేప పడితే, వదలడమా ఇంటికి తేవడమా అన్న మీమాంస మాని పక్కనున్నవాడికి ఇచ్చేస్తాను.

పాత_కొక్కెం

ఈ చివరి మాట నాకు నచ్చింది. వదిలేయడం కంటే ఇచ్చేయడం మేలు.

ద్వీపంలో_దుర్గ

ఇచ్చేయడం మంచిదే గానీ తల్లి పండుగప్పను కూడా ఇచ్చేయమంటారా? విద్యార్థిని గారు ఇంత వివరంగా చెప్పిన తర్వాత దాన్ని చంపి దానం చేయడం నాకు మింగుడుపడదు.

పాత_కొక్కెం

దుర్గమ్మా, ఆకలితో ఉన్న ఇంటి ముందు నిలబడి ఇది తల్లి చేప అని చెప్పి నీళ్లలో వదిలి చూడు.

ముత్తుకూరు_విద్యార్థిని

ఇద్దరి మాటలోనూ బలం ఉంది, కానీ నేను దుర్గ గారి పక్షమే. ఇవ్వదలచుకుంటే పారలు ఇవ్వండి, మాగ ఇవ్వండి, గొరకలు ఇవ్వండి. ఆ తల్లి చేప వేసే గుడ్లు లక్షల్లో ఉంటాయి, వాటిలో బతికేవి రేపు అదే ఊరి వలల్లో పడతాయి. పైగా మీరు మే నెలలో పట్టే పెద్ద పండుగప్ప కొద్ది వారాల్లో గుడ్లు వేయబోయేది.

నిర్వాహకులు

చర్చ సాగించండి. ఫలానా రాయి, ఫలానా మలుపు అని కచ్చితమైన చోటు సూచించిన రెండు ప్రత్యుత్తరాలను తొలగించాము. దయచేసి చోట్ల పటాలు పెట్టవద్దు.

రుషికొండ_రాడ్

ఈ వారం మధ్యలో సెలవు దొరికితే సాయంత్రం ఆ ఊరికే వెళ్లాను, రాడ్ తీసుకెళ్లలేదు. నన్ను ఆపినవారిలో ఒకతను మాట్లాడడానికి ఇష్టపడక లేచి వెళ్లిపోయాడు. రెండవ అతను నా ఫోనులో ఉన్న గేరు ఫొటోలు చూసి, రీలు ధర అడిగి, విన్న తర్వాత చాలాసేపు నవ్వాడు. నిషేధం ముగిసే వరకు ఉదయం ఎనిమిది తర్వాతే వస్తానని చెబితే, ఆ వేళకు ఎండ తప్ప ఏమీ దొరకదని అన్నాడు. అది ఒప్పుకోవడమో కాదో నాకు తెలియలేదు. పోటు పూర్తయి పాటు మొదలయ్యే వేళ ఎండలో పడినా ఆ రాళ్ల కింద పార తిరుగుతుందని అతనే తర్వాత చెప్పాడు.

లాసన్స్‌బే_లహరి

రెండవ అతను పోటుపాట్ల సంగతి చెప్పాడంటే ఒప్పుకున్నట్టే లెక్క.

చందువా_వేపుడు

రీలు ధర ఎంతో ఇక్కడ కూడా చెబితే మేమూ కాసేపు నవ్వుకుంటాము.

రుషికొండ_రాడ్

మా ఇంట్లోవాళ్లు కూడా ఈ చర్చ చదువుతున్నారు కాబట్టి ధర చెప్పలేను. దుర్గ గారిని ఒక సందేహం అడగాలి. మూడు ముళ్ల కొక్కేలు తీసేసి ఒంటి ముల్లు బిగిస్తే నా మిన్నో ల్యూర్లు నీటిలో పక్కకు వాలుతున్నాయి. ఏం చేయాలి?

ద్వీపంలో_దుర్గ

బరువు తేడా వల్ల అలా అవుతుంది. తీసేసిన మూడు ముళ్ల కొక్కేనికి దాదాపు సమానమైన బరువున్న ఒంటి ముల్లు ఎంచుకోండి, అంటే అది చూడడానికి పెద్దదిగా ఉంటుంది, దాని నోటి వెడల్పు మాత్రం ల్యూరు పొట్టను చుట్టేంత ఉండకూడదు. కన్ను కాడకు అడ్డంగా కాక వరుసలో ఉన్న రకమే కొనండి, లేకపోతే ముల్లు పక్కకు తిరిగి కూర్చుంటుంది. ముందు కొక్కెం మొన ముందుకు, వెనక కొక్కెం మొన పైకి ఉండేలా బిగించి, రాళ్ల మీదకు వెళ్లే ముందే ఒక బకెట్టు నీళ్లలో తేల్చి చూడండి. ఇంకా వాలుతుంటే కొక్కేన్ని ల్యూరుకు కలిపే స్ప్లిట్ రింగును ఒక సైజు పెంచండి.